పచ్చిక ఎండితే ముందు వేళ్లను చూడండి

బెంగళూరు హొరమావులో మా అక్క ఇంటి ముందు పచ్చిక ఆగస్టు మొదట్లో ఒకచోట పళ్లెమంత మేర పసుపుబారింది. నీళ్లు చాలలేదనుకుని బావగారు రెండు పూటలా తడిపారు. మచ్చ చాపంత అయింది. బలం కోసమని యూరియా చల్లారు. అంచులు కూడా మాడిపోయాయి. నేను వెళ్లిన రోజు ఆ గడ్డిని గుప్పిట పట్టి మెల్లగా లాగితే, తివాచీ చుట్టినట్టు మొత్తం పైకి లేచింది. అడుగున వేళ్లే లేవు.

వేళ్లు లేని గడ్డికి ఎన్ని నీళ్లు పోసినా తాగే దారి లేదు. యూరియా మరింత కీడు చేస్తుంది. మట్టినీటిలో లవణాల గాఢత పెరిగి, మిగిలిన కాసిని వేళ్లకూ నీరు అందకుండా పోతుంది. అందుకే మచ్చ కనబడగానే నీళ్ల గొట్టం కాదు, బొరిగె పట్టుకోవాలి. తవ్వాల్సింది మచ్చ నడుమ కాదు, ఎండిన గడ్డీ పచ్చగడ్డీ కలిసే అంచున.

అక్కడ అడుగు చదరంలో మూడంగుళాల లోతు తవ్వితే ఎనిమిది పురుగులు దొరికాయి. మీగడ తెలుపు ఒళ్లు, గోధుమరంగు తల. తిన్న మట్టి చర్మంలోంచి కనిపిస్తూ తోక వైపు నల్లగా ఉంది. ఒక్కొక్కటీ కొడవలిలా వంగి పడుకుంది. అనంతపురం వేరుశనగ రైతులకు ఇది పాత శత్రువే, వేరు పురుగు. ఇక్కడి కన్నడ రైతులు గొణ్ణె హుళు అంటారు. ఏప్రిల్, మే నెలల జల్లులకు పెంకు పురుగులు నేలలోంచి లేచి, సంధ్యవేళ వేపలాంటి చెట్ల ఆకులు తిని, మట్టిలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు పెరిగి వేళ్లు కొరికే కాలం వానాకాలం. అడుగు చదరంలో ఒకటీ రెండూ ఉంటే పచ్చిక తట్టుకుంటుంది. ఐదారు దాటితే వైద్యం తప్పదు.

పిల్లలు దొర్లి ఆడుకునే చోట విషపు గుళికలు చల్లడానికి నా మనసు ఒప్పుకోదు. ఆ అవసరమూ లేదు. హెటెరోరాబ్డైటిస్ ఇండికా అనే కంటికి ఆనని నులిపురుగు ఉంది. కోయంబత్తూరు ప్రాంతపు మట్టిలో దొరికిన దీన్ని 1992లో కొత్త జాతిగా వర్ణించారు. బెంగళూరులోనే ఉన్న జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో దీన్ని నీళ్లలో కలిపే పొడిగా తయారుచేసింది. ఈ నులిపురుగు వేరు పురుగు ఒంట్లోకి దూరి, తన కడుపులో మోసుకొచ్చిన బ్యాక్టీరియాను అక్కడ వదులుతుంది. రెండు మూడు రోజుల్లో పురుగు చచ్చి ఇటుకరంగుకు మారుతుంది. ఎండ, పొడి మట్టి నులిపురుగులకు ప్రాణాంతకం. అందుకే నేలను ముందే తడిపి, పొద్దువాలాక పోయాలి.

అయితే ప్రతి మచ్చా పురుగు పనే కాదు. లాగినా గడ్డి ఊడిరాకపోతే వేరే కారణం వెతకాలి. నడుమ మాడి, చుట్టూ ముదురాకుపచ్చ వలయం ఉంటే అది కుక్క మూత్రం. అందులోని నత్రజని నడుమ ఎక్కువై కాల్చింది, అంచున పలచబడి ఎరువైంది. తెల్లవారుజామున మంచుతడి మీద సాలెగూడులాంటి పలచని పొర కనిపిస్తే శిలీంధ్రం. సాయంత్రపు తడి మానేసి ఉదయం పూట పెడితే సగం జబ్బు తగ్గుతుంది. ఇనుప చువ్వ గుచ్చితే రెండంగుళాలకే టక్కుమని ఆగితే, ఇల్లు కట్టినప్పుడు పూడ్చేసిన ఇటుక, సిమెంటు పెళ్లలు అడుగున ఉన్నట్టు. ఈ ఊరి కొత్త కాలనీల్లో ఇది చాలా మామూలు. తీసి మట్టి నింపాల్సిందే, వేరే మందు లేదు.

ఆ పొడి కలిపిన నీళ్లు పోసిన మూడు వారాల తరువాత అక్కా నేనూ మళ్లీ తవ్వాం. బతికున్నది ఒక్కటే, మూడు ఇటుకరంగులో మెత్తబడి ఉన్నాయి. ఎండుగడ్డి గీకేసి, నాలుగంగుళాలు గుల్లచేసి, పశువుల ఎరువు కలిపి, గరిక కణుపుల ముక్కలు బెత్తెడు దూరంలో నాటాం. పదో రోజున అక్క ఫోనులో ఫొటో పంపింది. ప్రతి కణుపు దగ్గరా సూదిమొనంత పచ్చదనం.