గండిలో తోట, గట్టు మీద గని

గ్రాండ్ కేనియన్ దక్షిణపు అంచు నుంచి బ్రైట్ ఏంజెల్ బాట పట్టి దిగితే ఏడు కిలోమీటర్ల దాకా ఎర్రదుమ్ము, ఎండ, కంచరగాడిదల పేడ వాసన. ఆ తర్వాత ఉన్నట్టుండి నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. పొడవాటి చెట్ల నీడ, పక్కనే పారే వాగు. 2022 దాకా పటాల్లో ఈ చోటి పేరు 'ఇండియన్ గార్డెన్'. ఆ ఏడాది నవంబరులో అమెరికా భౌగోళిక నామాల మండలి ఏకగ్రీవంగా దాన్ని 'హవసుపాయ్ గార్డెన్స్'గా మార్చింది. హవసుపాయ్ అంటే అక్కడ పంటలు పండించుకుని, అక్కడి నుంచే గెంటివేతకు గురైన తెగ. పేరు చేతికి వచ్చింది గానీ, గట్టు మీది యురేనియం గనితో నీటి తగాదా ఇంకా తెగలేదు.

ఎడారిలో వాగు ఎక్కడిది? గట్టు మీద పడిన వాన, కరిగిన మంచు సున్నపురాతి పగుళ్లలోంచి కిందికి ఇంకుతాయి. నీటిని పోనివ్వని షేల్ అనే బంకమట్టి రాతిపొర తగిలాక ఇక దిగే దారి లేక, పక్కకు మళ్లి గోడలోంచి ఊటగా బయటపడతాయి. 446 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల మైలుకు పైగా లోతు ఉన్న ఆ గండిలో మనుషులు నిలవగలిగింది ఇలాంటి ఊటల దగ్గరే.

తెలుగువాళ్లకు అక్కడి పటం చూస్తే ఒక వింత ఎదురవుతుంది. విష్ణు ఆలయం, శివాలయం అని శిఖరాలకు పేర్లు. క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1880ల్లో పెట్టినవి. గండి అడుగున బయటపడిన, దాదాపు 170 కోట్ల ఏళ్ల నాటి నల్లరాయిదీ విష్ణువు పేరే. మన దేవుళ్లు కనిపిస్తే ముచ్చటగానే ఉంటుంది. అయితే సముద్రాల అవతలి దేవుళ్ల దాకా వెళ్లిన ఊహ, ఆ కొండల కిందే కాపురమున్న వాళ్లు వాటిని ఏమని పిలుస్తారో అడగడానికి ఆగలేదు.

హవసుపాయ్ అంటే నీలాకుపచ్చ నీళ్ల జనం. ఎండాకాలం లోయలో మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి పండించేవారు. చలికాలం గట్టెక్కి వేటాడేవారు. 1882లో అధ్యక్షుడు ఆర్థర్ ఉత్తర్వుతో వాళ్లకు మిగిలింది హవాసు లోయలో 518 ఎకరాలు. వేసవి చేలు ఉన్నాయి, చలికాలపు వేటనేల పోయింది. ఏడాదిలో సగం బతుకును కాగితం మీద కొట్టేసినట్టే.

అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1903లో ఆ అంచున నిలబడి, దీన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేయండి అని ప్రసంగించాడు. 1908లో ఆయనే దాన్ని జాతీయ స్మారకంగా, అంటే రక్షిత ప్రాంతంగా, ప్రకటించాడు. 1919లో అది జాతీయ పార్కు అయింది. ఉన్నది ఉన్నట్టు అన్న మాటలో అక్కడున్న మనుషులకు మాత్రం చోటు దొరకలేదు. తోటలో మిగిలిన చివరి హవసుపాయ్ నివాసి కెప్టెన్ బర్రోను పార్కు సిబ్బంది 1928లో బలవంతంగా ఖాళీ చేయించారు.

అదే బ్రైట్ ఏంజెల్ బాట మీద రాల్ఫ్ కేమెరాన్ అనే తెల్లదొర కథ వేరు. గనుల హక్కుల పేరుతో స్థలాలు పట్టి, బాటన పోయేవారి దగ్గర తలకో డాలరు వసూలు చేశాడు. 1920లో సుప్రీంకోర్టు అతని హక్కులు చెల్లవంది. ఆ ఏడాదే అరిజోనా అతన్ని సెనేటరుగా గెలిపించింది! అతను అడ్డం పెట్టుకున్నది, ప్రభుత్వ భూమిలో ఖనిజం కనిపెట్టినవాళ్లకు తవ్వుకునే హక్కిచ్చే 1872 నాటి గనుల చట్టం. దాన్ని గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ పనికొస్తుంది.

తెగ దశాబ్దాలు పోరాడింది. 1975 జనవరిలో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో దాదాపు 1,85,000 ఎకరాలు తిరిగొచ్చాయి. ఆ బిల్లును వ్యతిరేకించిన వారిలో పర్యావరణ సంస్థ సియెరా క్లబ్ కూడా ఉంది. పార్కు భూమి చేయి దాటితే ఏమవుతుందోనని వాళ్ల బెంగ. ప్రకృతిని కాపాడటం, దానిలో బతికేవాళ్లను నమ్మడం ఒకటి కాదని అప్పుడు బాగా తెలిసింది.

ఇక యురేనియం. ఆ నేలలో అది నిలువు గొట్టాల్లాంటి శిథిల శిలల్లో పేరుకుంటుంది. పార్కు అంచునే ఉన్న ఆర్ఫన్ గనిలో 1956 నుంచి 1969 దాకా తవ్వారు. 2012లో కేంద్రం సుమారు పది లక్షల ఎకరాల్లో కొత్త గనుల హక్కులను 20 ఏళ్లు నిలిపివేసింది. 2023 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ 9 లక్షల ఎకరాలకు పైగా భూమిని కొత్త జాతీయ స్మారకంగా ప్రకటించారు. రెండింటిలోనూ ఒకే మినహాయింపు: 1872 చట్టం కింద అప్పటికే చెల్లుబాటైన హక్కులు అలాగే ఉంటాయి. ఆ సందులోంచే పిన్యన్ ప్లెయిన్ గని నడుస్తోంది.

తెగ పవిత్రంగా భావించే రెడ్ బ్యూట్ కొండకు అది దగ్గర. 2016లో గని బావి తవ్వుతుండగా పైపొరలోని భూగర్భజలం లోపలికి ఉబికింది. కింది జలపొరకు, గనికి నడుమ నీరు చొరని రాళ్లున్నాయి, యురేనియం ఆ నీళ్లలో కలిసే ముప్పు లేదని కంపెనీ వాదన. తెగకు ఆ నమ్మకం లేదు. ఖనిజం నిండిన లారీలు 2024లో కదిలాయి.

లోయ అడుగున తెగ ఊరు సుపాయ్. రోడ్డు లేదు. దగ్గరి గట్టు నుంచి 13 కిలోమీటర్లు నడవాలి, తపాలా ఇప్పటికీ కంచరగాడిదల మీదే వస్తుంది. ఊరి పక్క నుంచి పారే హవాసు వాగు సున్నం కలిసి నీలాకుపచ్చగా మెరుస్తుంది. అది పుట్టేది గట్టు కింది సున్నపురాతి పొరలోనే.