నాలుగో తరగతి గదిలో నాలుగు తరగతులు

నల్గొండ జిల్లాలో ఏదో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లి, నాలుగో తరగతి పిల్లల చేత తెలుగు వాచకం చదివించి చూడండి. ఒకమ్మాయి పేజీ మొత్తం గడగడా చదివి అర్థం కూడా చెబుతుంది. పక్కన కూర్చున్న పిల్లవాడు 'పలక', 'గొడుగు' లాంటి మాటలు చదువుతాడు, ఒత్తు వచ్చిందంటే ఆగిపోతాడు. వెనకాల ఇద్దరికి గుణింతాల దగ్గరే తడబాటు. ఇంకొకరికి అక్షరాలే సగం వచ్చు. హాజరు పట్టీలో వీళ్లందరిదీ ఒకే తరగతి. సార్ చేతిలో ఉన్న పుస్తకం మాత్రం ఆ మొదటి అమ్మాయికే పనికొస్తుంది.

దేశమంతటా పల్లె బడుల పరిస్థితి ఇంచుమించు ఇదే. పిల్లల చదువు మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ ప్రథమ్ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. 2024 సర్వే ప్రకారం గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవారు 23.4 శాతం. ఐదో తరగతిలో 44.8 శాతం. ఐదో తరగతికి వచ్చినా సగానికి పైగా పిల్లలకు రెండో తరగతి కథ చదవడం రావట్లేదు.

ఇందులో పిల్లల తెలివికి వంక పెట్టాల్సిన పని లేదు. మన లిపి పట్టుబడటానికే చాలా కాలం కావాలి. కన్నడ పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో పరిశీలించిన సోనాలి నాగ్, అక్షరాలన్నీ వంటబట్టే పని మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతూనే ఉంటుందని 2007లో రాశారు. కన్నడానికీ మనకూ లిపి దాదాపు ఒకటే. ఇంగ్లిష్ పిల్లవాడు 26 అక్షరాలు గుర్తుపడితే చాలు, మన పిల్లవాడు ప్రతి హల్లుకూ గుణింతం, ఆపైన ఒత్తులు కలుపుకుంటే వందల రూపాలు గుర్తుపట్టాలి. పాఠ్య ప్రణాళిక మాత్రం ఒకటో తరగతిలోనే అక్షరాలు అయిపోయాయనుకుని ముందుకు వెళ్తుంది. దేవరకొండ, అచ్చంపేట తండాల పిల్లలకైతే ఇంటి భాష లంబాడీ. నారాయణపేట జిల్లా కృష్ణ మండలం వైపు కన్నడం. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఇంట్లో కూర్చోబెట్టి చదివించే దిక్కు అందరికీ ఉండదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అక్షరాస్యతలో అడుగున ఉన్నది మహబూబ్‌నగర్, సుమారు 55 శాతం. ఆనాడు చదువు అందనివారి పిల్లలే ఈనాడు ఈ బెంచీల మీద ఉన్నారు. వీళ్లకు బడి ఒక్కటే ఆధారం.

మరి బడి ఏం చేయాలి? ఈ ప్రశ్నకు గత ఇరవై ఏళ్లలో మన దేశంలోనే చాలా విలువైన జవాబులు దొరికాయి. అవి టీచర్ల గదుల దాకా, పాఠశాల కమిటీల దాకా రాకపోవడమే నాకు బాధ.

2001 నుంచి 2003 వరకు ముంబై, వడోదర మున్సిపల్ బడుల్లో ఒక ప్రయోగం జరిగింది. వెనకబడిన పిల్లలను రోజూ కొంతసేపు వేరుగా కూర్చోబెట్టి, వాళ్లకు ఎంత వచ్చో అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పారు. చెప్పింది అదే బస్తీకి చెందిన, హైస్కూలు చదువు పూర్తి చేసిన యువతులు. పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి. ఈ పరిశోధన చేసిన వాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. వీరికి మైఖేల్ క్రెమర్‌తో కలిపి 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తరగతిని బట్టి కాకుండా పిల్లల స్థాయిని బట్టి చెప్పాలన్న ఈ పద్ధతిని ప్రథమ్ ఆ తర్వాత చాలా రాష్ట్రాలకు తీసుకెళ్లింది. అసలు పాఠం అక్కడే ఉంది. ఎందుకంటే అన్ని చోట్లా ఫలితం రాలేదు.

బిహార్‌లో 2008 వేసవిలో ప్రభుత్వ టీచర్లే నెల రోజుల క్యాంపు పెట్టి ఈ పద్ధతిలో చెప్పారు. పిల్లలు నేర్చుకున్నారు. అదే బిహార్‌లో బడులు తెరిచాక టీచర్లకు శిక్షణ ఇచ్చారు, మెటీరియల్ ఇచ్చారు. ఫలితం కనిపించలేదు. ఉత్తరాఖండ్‌లోనూ అంతే. టీచర్లకు ఆ పద్ధతి నచ్చింది. కానీ సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడిలో రోజువారీ టైంటేబుల్‌లో దానికి చోటే లేకపోయింది. కార్డులు, పుస్తకాలు మామూలు పాఠంలో కలిసిపోయాయి.

హర్యానాలో 2012–13లో రెండు మార్పులు చేశారు. ఒకటి, ఈ పని కోసమే రోజుకు ఒక గంట వేరుగా పెట్టారు. ఆ గంటలో మూడు, నాలుగు, ఐదు తరగతుల గోడలు ఉండవు. అక్షరాల పిల్లలు ఒక చోట, పదాల పిల్లలు ఒక చోట, పేరా చదివేవాళ్లు మరో చోట కూర్చుంటారు. రెండోది నాకు ఇంకా ముఖ్యంగా అనిపిస్తుంది. టీచర్లకు మార్గదర్శనం చేసే బ్లాక్ స్థాయి సమన్వయకర్తలు, మన సీఆర్పీల (క్లస్టర్ రిసోర్స్ పర్సన్ల) లాంటివాళ్లు, ముందు నాలుగు రోజులు శిక్షణ పొంది, ఆ తర్వాత పదిహేను, ఇరవై రోజులు స్వయంగా బడుల్లో పిల్లలకు చెప్పారు. తాము చేసి చూశాకే టీచర్లకు నేర్పడానికి వెళ్లారు. సుమారు 400 బడుల్లో పరిశీలిస్తే, భాషలో మెరుగుదల 0.15 ప్రామాణిక విచలనం అని తేలింది. మామూలు మాటల్లో చెప్పాలంటే, వందమందిని మార్కుల వరుసలో కింది నుంచి పైకి నిలబెడితే 50వ స్థానంలో ఉన్న పిల్ల 56వ స్థానానికి వచ్చింది. చిన్న అడుగులా కనిపించవచ్చు. కానీ కొత్త టీచర్లు లేరు, కొత్త భవనాలు లేవు, పనిచేసింది ఉన్న టీచర్లే.

మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్‌లో పదేసి రోజులు, ఇరవయ్యేసి రోజుల క్యాంపులు బడి వేళల్లోనే పెట్టారు. ఏడాది మొత్తంలో కలిపి 50 రోజులు. నడిపించింది ప్రథమ్ కార్యకర్తలు, ఊరి వలంటీర్లు. ఇక్కడ భాషలోనూ లెక్కల్లోనూ మెరుగుదల 0.6 నుంచి 0.7 దాకా వచ్చింది. పాత వరుసలోనే చూస్తే 50వ పిల్ల 75వ స్థానం దగ్గరికి చేరింది. చదువు రంగంలో ఇంత పెద్ద మార్పు ఇచ్చిన ప్రయోగాలు చాలా తక్కువ.

పద్ధతి ఒకటే, కార్డులూ ఒకటే. తేడా అంతా ఆ పనికి కాపాడిన సమయం ఉందా, పక్కన నిలబడి చూపించే మనిషి ఉన్నారా అన్న దగ్గరే వచ్చింది. ఈ రెండూ బడి నాయకత్వం చేతిలో ఉన్నవే. అందుకే చదువు గురించి మాట్లాడుతూ హెచ్ఎం, అంటే ప్రధానోపాధ్యాయుడి గురించి మాట్లాడకుండా ఉండలేం.

పిల్లల స్థాయి తెలిస్తే టీచరే సర్దుకుంటారు కదా అని అనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005–06లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ సరిగ్గా దీన్నే పరీక్షించారు. 100 బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఏ పిల్లకు ఏది వచ్చు, ఏది రాదో వివరంగా రాసి టీచర్లకు ఇచ్చారు. అప్పుడప్పుడు తరగతులు కూడా పరిశీలించారు. ఎవరైనా చూస్తున్నప్పుడు ఆ టీచర్లు మరింత శ్రద్ధగా చెప్పారు. ఏడాది చివర మార్కుల్లో మాత్రం మిగతా బడులకూ వాటికీ తేడా లేదు. బేస్‌లైన్ టెస్ట్ పెట్టి, ఎక్సెల్ షీట్ నింపి పంపించేస్తే పని అయిపోయిందనుకునే మనందరం ఈ ఫలితాన్ని మనసుకు పట్టించుకోవాలి. మధ్యప్రదేశ్‌లో మురళీధరన్, అభిజీత్ సింగ్ కలిసి మరో కార్యక్రమాన్ని పరిశీలించారు. ప్రతి బడినీ మదింపు చేసి, ఆ బడికి తగ్గ మెరుగుదల ప్రణాళిక రాయించారు. మదింపులు బాగానే జరిగాయి, ప్రణాళికలూ చక్కగా రాశారు. టీచర్ల హాజరు, బోధన, పిల్లల చదువు దేనిలోనూ మార్పు రాలేదు. అయినా విజయవంతమైందని భావించి దేశంలో 6 లక్షలకు పైగా బడులకు దాన్ని విస్తరించారు.

నాయకత్వం మీద ప్రపంచ పరిశోధన కూడా ఇటువైపే చూపిస్తోంది. న్యూజిలాండ్‌కు చెందిన వివియన్ రాబిన్సన్ బృందం 2008లో 27 అధ్యయనాలను కలిపి చూసింది. ఉత్సాహపరిచే ప్రసంగాలు, పెద్ద లక్ష్యాల తరహా నాయకత్వం కన్నా, బోధన మీద దృష్టి పెట్టే నాయకత్వం పిల్లల చదువు మీద మూడు, నాలుగు రెట్లు ఎక్కువ ప్రభావం చూపింది. అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం, టీచర్లు నేర్చుకునే చోట ప్రధానోపాధ్యాయుడు కూడా కూర్చుని వాళ్లతో పాటు నేర్చుకోవడానిది. ఆ అధ్యయనాలు ఎక్కువగా అమెరికా బడుల మీద జరిగినవి కాబట్టి అంకెలను మన ఊళ్లకు నేరుగా అతికించలేం. కానీ హర్యానాలో ఆ సమన్వయకర్తలు చేసిన పని అచ్చం ఇదే.

ఇప్పుడు మన హెచ్ఎం రోజు చూద్దాం. చిన్న ప్రాథమిక పాఠశాలలో ఆయన లేదా ఆమె పాఠం చెప్పే టీచరే. పొద్దున హాజరు యాప్, మధ్యాహ్న భోజనానికి కోడిగుడ్లు, బియ్యం లెక్క, యూడైస్ (బడుల సమాచారం నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) వివరాలు, యూనిఫాం కొలతలు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ పనులు, మధ్యలో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి వాట్సాప్‌లో అర్జెంటు సమాచారం. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమిక టీచర్లను తీసుకున్నప్పుడు బడులు కొన్ని వారాలు ఒంటిపూట నడిచాయి. ఈ టెన్షన్‌లో ముందుగా పోయేది ఎవరూ లెక్క అడగని పనే. అక్షరాలు రాని పిల్లతో గడపాల్సిన గంటకు లెక్క అడిగేవాళ్లు లేరు.

చట్టం కూడా ఈ ఇరకాటంలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచర్ విధులు చెబుతుంది. నిర్ణీత కాలంలో మొత్తం సిలబస్ పూర్తి చేయాలంటుంది ఒక క్లాజు. ప్రతి పిల్ల సామర్థ్యాన్ని అంచనా వేసి అవసరమైతే అదనంగా బోధించాలంటుంది ఆ పక్క క్లాజు. తనిఖీకి వచ్చేవాళ్లు అడిగేది మొదటిదాన్నే. ఏ పాఠం నడుస్తోంది, ఎక్కడిదాకా వచ్చింది అని. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నాలుగో తరగతిలో చదవడం రాని పిల్లకు నాలుగో తరగతి సిలబస్ పూర్తి చేశామనడం ఆ పిల్లకు అన్యాయం చేయడమే.

మన దగ్గర ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990లలో రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లలను తెచ్చి, బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో వాళ్ల స్థాయి నుంచి చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించింది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, లెక్కల పునాదులు నేర్పడానికి తొలిమెట్టు కార్యక్రమం తెచ్చింది. అందులోని ఉద్దేశం మంచిది. బిహార్ అనుభవం చూశాక మాత్రం ప్రతి బడిలో అడగాల్సింది, మెటీరియల్ వచ్చిందా అని కాదు, దానికి ఏ గంట కేటాయించారు, ఆ గంట నిన్న నడిచిందా అని.

పిల్లలను స్థాయిల వారీగా విడదీస్తే తక్కువ గుంపులో ఉన్నవాళ్ల మీద ముద్ర పడదా అని కొందరు టీచర్లు అడుగుతారు. నిజమైన భయమే. పదో తరగతికి ఏ, బీ, సీ గ్రూపులు చేసి, సీ వాళ్లను పాస్ మార్కులకే పరిమితం చేసే అలవాటు ఎంత చెరుపు చేస్తుందో మనకు తెలుసు. ఇక్కడ చెబుతున్నది వేరు. విడదీసేది రోజులో ఒక గంటకే. పదాలు వచ్చిన రోజే పిల్ల పేరా గుంపులోకి వెళ్తుంది. కెన్యాలో పరిశీలించిన 121 బడుల్లో సుమారు సగం చోట్ల ఒకటో తరగతి పిల్లలను ముందటి మార్కులను బట్టి రెండు సెక్షన్లు చేసి చూసినప్పుడు, వెనకబడిన పిల్లలు, ముందున్న పిల్లలు ఇద్దరూ లాభపడ్డారు. టీచర్ చెప్పేది గదిలో ఉన్నవాళ్లకు అందే స్థాయిలో ఉండటమే కారణమని పరిశోధకుల వివరణ. మన బడిలో అత్యంత అనుభవం ఉన్న టీచర్‌కు అక్షరాల గుంపు అప్పగించాలని నేను అంటాను. ఆ గుంపుకు ఒత్తులు, గుణింతాలు నేర్పడం అందరికీ వచ్చే విద్య కాదు, లంబాడీ పిల్లలతో అయితే మరీను.

ఇద్దరు టీచర్లున్న బడిలో ఇది కుదురుతుందా? నిజానికి అక్కడే తేలిక. ఐదు తరగతులకు ఇద్దరు ఎలాగూ పిల్లలను కలిపే కూర్చోబెడుతున్నారు. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలను ఆ గంటకు తరగతి చూసి కాకుండా చదివే తీరు చూసి కలిపితే చాలు. ఒకరు అక్షరాలు, పదాల పిల్లలను తీసుకుంటే, రెండోవారు పేరా, కథ చదివే పిల్లలను చూసుకుంటూ ఒకటి, రెండు తరగతుల చిన్నవాళ్లకు పని ఇవ్వవచ్చు. ఆ గంటలో యాప్ తెరవకూడదు, ఫోన్ ఎత్తకూడదు. ఇది హెచ్ఎం ఒక్కరి వల్ల కాదు. ఆ గంటలో బడికి ఫోన్ చేయబోమని ఎంఈఓ కూడా ఒప్పుకోవాలి.

పాలమూరు వైపు మరో చిక్కు ఉంది. అమ్మానాన్నలు వలస వెళ్లే కాలంలో, దసరా తర్వాత పత్తి ఏరే రోజుల్లో, గద్వాల వైపు పత్తి విత్తనాల క్రాసింగ్ పనులు నడిచేటప్పుడు పిల్లలు బడికి సరిగా రారు. రోజుకో గంట చొప్పున ఏడాదంతా నడిపే పద్ధతి వీళ్లకు అందదు. ఉత్తరప్రదేశ్ క్యాంపుల తరహా ఇక్కడ సరిపోతుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. జూన్‌లో బడిబాట (పిల్లలను బడిలో చేర్పించే కార్యక్రమం) అయిపోయిన వెంటనే పది రోజులు, సంక్రాంతి సెలవుల తర్వాత మరో పది, ఫిబ్రవరిలో ఇంకో పది పెట్టుకోవచ్చు. వలస నుంచి ఎప్పుడు తిరిగొచ్చినా ఆ పిల్లను ముందు చదివించి చూసి, ఏ గుంపులో కూర్చోబెట్టాలో అదే రోజు తేల్చవచ్చు. దీనికి జిల్లా క్యాలెండర్‌లో తేదీలు ముందే పడాలి, కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) హెచ్ఎంలు, సీఆర్పీలు మొదటి క్యాంపులో తామే ఒక గుంపుకు చెప్పాలి.