చంటిబిడ్డ నిద్రలోనే పోతే: ల్యాబ్ లేని చోట కారణం వెతకడంపై అపోహలు - వాస్తవాలు

రాత్రి పాలు తాగి పడుకున్న బిడ్డ తెల్లారేసరికి లేవకపోతే, ఆ ఇంటికి వెళ్లి ఏం జరిగిందో తెలుసుకోవడం నా పని. చాలాసార్లు నేను వెళ్లేసరికే చుట్టుపక్కలవాళ్లు ఏదో ఒకటి తేల్చేసి ఉంటారు. ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: ల్యాబ్, ఫోరెన్సిక్ డాక్టర్ లేనప్పుడు దర్యాప్తు దండగ.

వాస్తవం: పోస్ట్‌మార్టం లేకపోతే కొన్ని ప్రశ్నలు ప్రశ్నలుగానే మిగిలిపోతాయి, నిజమే. కానీ బిడ్డ పడుకున్న చోటును చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక తల్లి బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టానంది. గుడ్డబొమ్మ చేతికిచ్చి, "మీరు లేచి చూసేసరికి ఎలా ఉందో చూపించగలరా అమ్మా?" అని అడిగాను. బొమ్మను బోర్లా తిప్పి, దాని ముఖాన్ని పరుపుకూ గోడకూ మధ్య సందులోకి జరిపి, చెయ్యి అక్కడే ఆపేసింది. ఆ సందు నా అరచెయ్యంత వెడల్పు. ఆమె ఏదీ దాచలేదు. అంతవరకు ఎవరూ చూపించమని అడగలేదు, అంతే.

ఇంటివాళ్లను లక్షణాల గురించి వరసగా అడిగి కారణం అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళి ఉంది. అయితే ఊపిరాడక పోయిన బిడ్డనూ, కారణం తెలియకుండా పోయిన బిడ్డనూ అది ఒక్కటే విడదీసి చెప్పలేదు. ముక్కులోంచి తీసిన చిన్న స్వాబ్ కూడా ఎంతో చెబుతుంది. జాంబియా రాజధాని లుసాకాలో చనిపోయిన పసిపిల్లలకు అలా పరీక్షలు చేస్తే, ఆస్పత్రికి చేరకుండానే ఆర్‌ఎస్‌వీ అనే, శ్వాసకు ఇబ్బంది తెచ్చే వైరస్‌తో పోయినవాళ్లు బయటపడ్డారు.

అపోహ: ఒళ్లు కమిలిపోయింది, ఎవరో కొట్టారు.

వాస్తవం: గుండె ఆగాక రక్తం కిందివైపుకు దిగి చర్మం ఊదారంగుకు తిరుగుతుంది. సుమారు 8 నుంచి 12 గంటల్లో ఆ రంగు స్థిరపడుతుంది. ముఖం, ఛాతీ ఊదాగా ఉండి, పరుపుకు నొక్కుకున్న ముక్కు, నోటి చుట్టూ తెల్లగా ఉంటే బిడ్డ చాలాసేపు బోర్లా ఉన్నట్టు. ముక్కు దగ్గర కనబడే లేత ఎరుపు నురగ కూడా దానంతటది హింసకు రుజువు కాదు. నిజమైన గాయమని అనుమానం వస్తే మాత్రం శవపరీక్ష జరగాల్సిందే. ఈలోగా ఒక్క మచ్చ చూసి తల్లిని దోషిని చేయడం ఘోరం.

అపోహ: వెల్లకిలా పడుకోబెడితే పాలు పొలమారుతుంది.

వాస్తవం: వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం అన్నవాహిక కంటే పైన ఉంటుంది. కక్కిన పాలు అందులోకి వెళ్లాలంటే పైకి ఎక్కాలి. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక ఇలాంటి మరణాలు బాగా తగ్గాయి.

అపోహ: మొన్నే టీకా వేయించారు, దానివల్లే.

వాస్తవం: ఈ మరణాలు 2 నుంచి 4 నెలల వయసులోనే ఎక్కువ. తొలి టీకాలు వేసే వయసూ అదే. రెండింటికీ సంబంధం ఉందేమోనని చూసిన అధ్యయనాల్లో టీకా కారణమని తేలలేదు. అయినా టీకా తేదీ, బ్యాచ్ నంబర్ రాసుకుంటాం. తండ్రి అడిగినప్పుడు జవాబు చెప్పాలి కదా.

అపోహ: కారణం దొరకకపోతే సిడ్స్ (పసిబిడ్డ ఉన్నట్టుండి, కారణం తెలియకుండా చనిపోవడం) అని రాసేయొచ్చు.

వాస్తవం: 1991లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఏడాదిలోపు బిడ్డకు పూర్తి శవపరీక్ష చేసి, ఘటనాస్థలం చూసి, ఆరోగ్య చరిత్ర పరిశీలించాక కూడా కారణం దొరకకపోతేనే ఆ పేరు. శవపరీక్ష జరగని చోట నేను "కారణం నిర్ధారణ కాలేదు" అనే రాస్తాను. ఆ కాగితం పైవాళ్లకు పంపి ఊరుకోను. మళ్లీ ఆ ఇంటికి వెళ్లి, తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదనే తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి చెబుతాను.