పెద్ద బ్యాటు, కావిడి లెక్క

“ఇదేటి మాస్టారూ, బ్యాటా? చేటా?”

నలభై ఎనిమిదో ఏట టెన్నిస్ మొదలుపెట్టి, 110 నంబరు బ్యాటు పట్టుకుని విజయనగరంలో మేం పొద్దున్నే ఆడుకునే సిమెంటు కోర్టులోకి అడుగుపెట్టిన రోజు నాకు దక్కిన స్వాగతం ఇది. అన్నవాడు మా అందరిలోకీ బాగా ఆడే కుర్రాడు, వాడిది 98. పక్కపక్కన పెట్టి చూస్తే నాది నిజంగానే చేటలా ఉంది. (రాకెట్ అనే మాట మా కోర్టులో ఎవరి నోటా వినపడదు. షటిల్ బ్యాటు, బాల్ బ్యాడ్మింటన్ బ్యాటు, టెన్నిస్ బ్యాటు, అంతే. రాకెట్ అంటే శ్రీహరికోటలో లేచేది.)

ఆ నంబర్ల సంగతి ముందు చెప్పేస్తాను. తీగలు అల్లిన భాగం వైశాల్యం అది, చదరపు అంగుళాల్లో. పాత చెక్క బ్యాట్లు 65, 70 దగ్గర ఉండేవి. ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో కనిపించేవి 98, 100. 105 దాటితే ఓవర్‌సైజ్ కిందే లెక్క. 110 అంటే మన కొలతలో దాదాపు 710 చదరపు సెంటీమీటర్లు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమం ప్రకారం బ్యాటు మొత్తం పొడవు 73.7 సెంటీమీటర్లు, వెడల్పు 31.7 సెంటీమీటర్లు మించకూడదు. నాది ఆ హద్దు లోపలే ఉంది. చేటే అయినా చట్టబద్ధమైన చేట.

కొన్నచోట “కొత్తవాళ్లకి పెద్దదే మంచిదండీ” అన్నారు. ఎందుకని అడిగితే “పెద్దది కదండీ, బంతి తప్పిపోదు” అన్నారు. ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నవాణ్ణి, ఆ జవాబుతో నాకు నిద్ర పట్టలేదు. బంతి అసలు తగలకుండా పోవడం మొదటి నెలతోనే తగ్గిపోతుంది. ఆ తర్వాత ఏడిపించేది వేరే. బంతి తగులుతుంది, కానీ మధ్యలో తగలదు.

ఎక్కడ తగులుతోందో చూద్దామని ఒక ఆదివారం బంతుల్ని కాస్త తడిపి ముగ్గుపిండిలో దొర్లించాను. ఒక్కో బంతి కొట్టడం, తీగల మీద తెల్ల మరకను కాగితం మీద గుర్తుపెట్టుకోవడం, తుడవడం. ఇరవై బంతులకు నడిమధ్యన పడినవి నాలుగో ఐదో. మిగతావన్నీ మధ్య గీతకు కింద, ఫ్రేమ్ వైపు జారినవే. మధ్య గీత అంటే పిడిలోంచి బ్యాటు కొస దాకా పొడవునా గీసుకున్న ఊహాగీత. మా ఆవిడ ముగ్గు డబ్బా కోసం వెతుక్కున్న కథ ఇక్కడ అనవసరం.

ఆ గీతకు అయిదు సెంటీమీటర్లు పక్కన బంతి తగిలిందనుకోండి, ఏమవుతుంది? బంతి బరువు 56 నుంచి 59 గ్రాములు. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వచ్చి 72తో తిరిగి వెళ్లిందనుకుందాం. మా స్థాయికి అది మంచి షాటే. బంతి తీగల్ని అంటిపెట్టుకుని ఉండేది సెకనులో రెండు వందలో వంతు, అంటే అయిదు మిల్లీసెకన్లు. ఆ కాస్త సేపట్లో తీగల మీద పడే సగటు బలం 40 కిలోల బరువుకు సమానం. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నర పైమాటే.

ఇప్పుడు ఆ బలం పిడిని మెలితిప్పుతుంది. పిడి చుట్టుకొలత 11 సెంటీమీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకు రెండు సెంటీమీటర్లు కూడా లేదు. తోసేది అయిదు సెంటీమీటర్ల దూరంలో 40 కిలోలు. ఆపాల్సింది రెండు సెంటీమీటర్ల లోపు చెయ్యి. అరచేతి పట్టు ఒక్కటే దాన్ని ఆపాలంటే వంద కిలోలకు పైగా బలం కావాలి, అదీ అయిదు మిల్లీసెకన్లలో. కోడి రామ్మూర్తి నాయుడుగారు పట్టుకున్నా ఆగదు. దెబ్బ తగిలిందన్న కబురు చేతి నుంచి మెదడుకు చేరేలోపే బంతి వెళ్లిపోయి ఉంటుంది. “పిడి గట్టిగా పట్టుకోండి మాస్టారూ” అనే సలహా నాకు కోర్టులో రోజుకు పదిసార్లు వచ్చేది. దానివల్ల మోచేయి నొప్పి పుట్టింది తప్ప బంతి దారి మారలేదు.

మరి బ్యాటు గిర్రున తిరిగిపోకుండా ఆపుతున్నదెవరు? బ్యాటే. దాని జడత్వమే.

సాలూరు, పార్వతీపురం వైపు కొండల మీంచి సంతకు కావిళ్లతో దిగేవాళ్లను చూసే ఉంటారు. సందు మలుపులో మనిషి తిరుగుతాడు గానీ కావిడి వెంటనే తిరగదు. కాసేపు పాత దిక్కుకే మొహం పెట్టి మొరాయిస్తుంది. అదే బరువును బుట్టలో పెట్టి నెత్తిన ఎత్తుకుంటే ఏ ఇబ్బందీ లేదు. బరువులో మార్పు లేదు, బరువున్న చోటు మారింది. తిరిగే గీత నుంచి బరువు రెండింతలు దూరం జరిగితే దాన్ని తిప్పడం నాలుగింతలు కష్టం. ఇంటర్ పుస్తకంలో దీని పేరు జడత్వ భ్రామకం. పిల్లలు పరీక్షలో రాసి మరిచిపోయే మాట.

బ్యాటు తలలో బరువంతా చుట్టూ ఉన్న ఫ్రేములోనే ఉంటుంది, తీగలు పదిహేను ఇరవై గ్రాములే. కాబట్టి తల వెడల్పు చేస్తే కావిడి పొడుగు చేసినట్టే. చెక్క బ్యాటు తల వెడల్పు 20 సెంటీమీటర్లు, 110ది 26 అనుకుంటే, బరువులు సమానమైనా మెలితిరగనివ్వని గుణం దాదాపు 70 శాతం పెరుగుతుంది. కాగితం మీద ఉజ్జాయింపుగా వేశాను. పైన చెప్పిన షాటుకు చెక్క బ్యాటు ముఖం పది పన్నెండు డిగ్రీలు వాలితే, 110 ఆరేడు డిగ్రీలతో సరిపెడుతుంది. నాలుగు డిగ్రీల తేడా ఒక లెక్కా అనిపించవచ్చు. ఫోర్‌హ్యాండ్‌లో బ్యాటు అడ్డంగా ఉంటుంది కాబట్టి ఆ వాలు బంతిని పైకో కిందికో పంపుతుంది. బేస్‌లైన్, అంటే కోర్టు చివరి గీత నుంచి నెట్ దాదాపు 12 మీటర్లు. అక్కడికి వెళ్లేసరికి నాలుగు డిగ్రీలంటే 80 సెంటీమీటర్లు. బంతి ఆ వాలును సగమే తీసుకుందనుకున్నా 40. నెట్ మధ్యలో ఎత్తే 91.4 సెంటీమీటర్లు!

ఈ సంగతి కనిపెట్టినవాడు మంచి ఆటగాడు కాదు, అదే నాకు నచ్చిన విషయం. హోవర్డ్ హెడ్ అమెరికన్ ఇంజనీరు, విమానాల తయారీలో పనిచేసినవాడు. మంచు మీద జారే స్కీలను చెక్కకు బదులు లోహంతో చేసి డబ్బు సంపాదించాడు. 1969లో కంపెనీ అమ్మేసి, తీరిగ్గా టెన్నిస్ నేర్చుకుందామని దిగాడు. ఎంత ఆడినా రాలేదు. ప్రాక్టీసు కోసం బంతులు విసిరే యంత్రం కొన్నాడు, అది నచ్చక దాన్ని బాగుచేస్తూ చేస్తూ ఆ యంత్రం తయారుచేసే ప్రిన్స్ కంపెనీలోకే చేరాడు. అయినా ఆట రాలేదు. చేతిలో బ్యాటు మెలితిరిగిపోతోంది. అంచులకు బరువు తగిలిస్తే బ్యాటు మోయలేనంత అవుతుంది, వెడల్పు పెంచితే బరువు పెంచకుండానే పని జరుగుతుంది అని లెక్క తేల్చాడు. చెక్కతో అంత పెద్ద తల చేస్తే నిలవదు గనక అల్యూమినియం వాడాడు. 1976లో 110 చదరపు అంగుళాల ప్రిన్స్ బ్యాటు బజారులోకి వచ్చింది. ఆ సైజును నిషేధించే నియమమే అప్పటికి లేదు. అందరూ నవ్వారు, ముసలివాళ్ల బ్యాటన్నారు. రెండేళ్లు తిరగకుండా పామ్ ష్రైవర్ అనే పదహారేళ్ల అమ్మాయి దాంతోనే 1978 యూఎస్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లింది. క్రిస్ ఎవర్ట్ చేతిలో ఓడింది గానీ నవ్వులు ఆగాయి. 1989లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన పదిహేడేళ్ల మైకేల్ చాంగ్ చేతిలో ఉన్నదీ 110 రకమే. తమాషా ఏమిటంటే, హెడ్ పేరున్న బ్యాట్లు ఇప్పటికీ దొరుకుతాయి, ఆయన కనిపెట్టిన పెద్ద బ్యాటు మాత్రం వేరే కంపెనీ పేరుతో వచ్చింది.

అయితే ఈ కథలో షాపువాళ్లు చెప్పని ముక్క ఒకటుంది. 70 శాతం లాభం చెక్క బ్యాటుతో పోల్చినప్పటి మాట. ఇవాళ మీరు ఎంచుకోవాల్సింది 100కీ 110కీ మధ్య. వాటి వెడల్పుల్లో తేడా అయిదు శాతం, దాన్నుంచి వచ్చే లాభం పది శాతం. ఇప్పటి ఓవర్‌సైజ్ బ్యాట్లలో చాలావాటిని కొత్తవాళ్లకు తేలిగ్గా ఉండాలని 255 గ్రాములకు దించేస్తున్నారు. మామూలు 100 బ్యాటు 300 గ్రాములు. బరువులో 15 శాతం పోయింది, వెడల్పులో వచ్చింది పదే. నికరంగా చూస్తే, తేలికైన ఆ పెద్ద బ్యాటు ఆ చిన్నదానికంటే ఎక్కువే మెలితిరగవచ్చు! కావిడి పొడుగు చేసి, బుట్టలు ఖాళీ చేసినట్టు. తల మీద నంబరు ఒక్కటే చూసి కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే గ్రాములు కూడా చదవాలి.

రెండో గుణం తీగలది. దీన్ని అర్థం చేసుకోవడానికి నులక మంచం చాలు. మధ్యలో కూర్చుంటే కుంగుతుంది, పట్టె పక్కన కూర్చుంటే గట్టిగా ఉంటుంది. మంచం పెద్దదైతే, నులక అంతే బిగువుగా ఉన్నా మధ్యలో కుంగుడు ఎక్కువ. బ్యాటులోనూ అంతే. ఈ కుంగుడు వల్ల బంతికి వేగం తగ్గుతుందని మొదట నేనూ అనుకున్నాను, కానీ పెరుగుతుంది. టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే 135 నుంచి 147 దాకానే లేవాలని నియమం. అంటే బంతి నలిగినప్పుడల్లా శక్తిలో సగానికి కాస్త తక్కువ వేడిగా పోతుంది. తీగలు అలా కాదు, తీసుకున్న శక్తిలో పదింట తొమ్మిది వంతులు తిరిగిచ్చేస్తాయి. తీగలు బాగా కుంగితే బంతి తక్కువ నలుగుతుంది, నష్టం తగ్గుతుంది. చెయ్యి నెమ్మదిగా తిప్పే కొత్తవాడికి ఇది వరం, కొద్దిపాటి ఊపుతోనే బంతి అవతలి బేస్‌లైన్ దాకా వెళ్తుంది.

ఊపు పెరిగాక ఇదే శాపం. నా అనుభవం మరీ ఘోరం. మా వైపు షటిల్ బ్యాట్లకు గట్టింగ్, అంటే తీగలు బిగించడం, చేసేవాళ్లే ఎక్కువ, ఆ తీగలకు పాతిక పౌండ్ల బిగువు చాలు. నేను ఇచ్చినచోట మిషను 40 దగ్గర ఆగిపోయింది. “చాలండీ, ఇదే టైటు” అని ఇచ్చేశారు. టెన్నిస్ బ్యాటుకు మామూలుగా వేసేది 50కి పైనే, పెద్ద తలకు ఇంకో రెండు మూడు పౌండ్లు కలపాలి. మర్నాడు నేను కొట్టిన బంతులు కోర్టు దాటి, కంచె దాటి, పక్కింటి పెరట్లో అరటిచెట్ల మధ్య పడ్డాయి. గోడ మీంచి ఒకావిడ తొంగిచూసి, “ఏటి బావూ, మీ బంతులు ఏరలేక సస్తన్నాం” అంది. నెల తర్వాత విశాఖలో 55కి బిగించి తెచ్చుకున్నాక అరటిచెట్లకు శాంతి దొరికింది.

మా కోర్టులో సగంమంది బాల్ బ్యాడ్మింటన్ నుంచి వచ్చినవాళ్లు. ఆ ఉన్ని బంతికి మణికట్టుతో చురుగ్గా విసరడం వాళ్లకు అలవాటు. పెద్ద తల మీద అదే విసురు విసిరితే బంతి గాల్లోకే. వాళ్లకు నేను 100 చాలంటాను. స్పిన్ నేర్చుకునేవాళ్ల సంగతి వేరు. బ్యాటును కింది నుంచి పైకి రుద్దినట్టు కొట్టినప్పుడు ఫ్రేముకు తగలకుండా వెడల్పు ముఖం చోటిస్తుంది. నెట్ దగ్గర డబుల్స్‌లో అందుబాటు పెరుగుతుంది గానీ, ఒంటి మీదికి దూసుకొచ్చిన బంతికి పెద్ద బ్యాటును చప్పున తిప్పడం కష్టం. మెలితిరగనివ్వని గుణానికి అది మూల్యం. తీగల మధ్య పెట్టే రబ్బరు బిళ్లకు వీటితో సంబంధం లేదు. అది తీగల మోతను ఆపుతుంది, ఫ్రేము వణుకును కాదు. మోచేతికి మేలని దాన్ని కొనకండి.

నా మట్టుకు నేను నలభై దాటి మొదలుపెట్టేవాళ్లకు 105 నుంచి 110 మధ్య, 275 గ్రాములకు తగ్గనిది చెబుతాను. ఏడాది రెండేళ్లు ఆడి, చెయ్యి పూర్తిగా తిప్పడం వచ్చినవాళ్లు మాత్రం ఒకసారి ముగ్గుపిండి పరీక్ష చేసుకోవాలి. మరకలు మధ్యకు చేరుతుంటే 100కి దిగొచ్చు. ఇంకా అంచుల్లోనే పడుతూ కూడా బంతులు లోపలే ఉంటున్నాయంటే, ఆలస్యంగా కదిలే కాళ్లను బ్యాటు కప్పిపుచ్చుతోందన్నమాట. నా మరకలు ఇంకా మధ్యకు రాలేదు. అందుకే చేట వదల్లేదు.

మొన్న ఆ కుర్రాడు తన తీగ తెగితే నాది అడిగి తీసుకున్నాడు. మొదటి మూడూ కంచె అవతలికి. నాలుగోది బ్యాటు ముఖం కాస్త కిందికి వాల్చి, కింది నుంచి పైకి రుద్ది కొట్టాడు. బంతి నెట్ మీద బారెడు ఎత్తున వెళ్లి, మూలలో గీత లోపల దిగబడింది. వాడు బ్యాటును తిప్పి తీగల్ని వేలితో నొక్కి చూశాడు. “ఇంకో రెండు పౌండ్లు ఎక్కించండి మాస్టారూ” అని నా చేతికిచ్చి, బంతులు ఏరడానికి అరటిచెట్ల వైపు వెళ్లాడు.