ఎస్ప్రెస్సోకి కావాల్సిన ఆ 93 డిగ్రీలు ఎక్కడ?

ఎస్ప్రెస్సో అంటే మెత్తటి కాఫీ పొడిలోంచి వేడి నీళ్లను ఒత్తిడితో పంపి తీసే చిక్కటి కాఫీ. దాన్ని తీసే నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలంటారు. చాలామంది 93 దగ్గర మొదలుపెడతారు. అంతకన్నా బాగా తగ్గితే కాఫీ పుల్లగా, పలచగా దిగుతుంది. బాగా పెరిగితే చేదెక్కుతుంది. లేతగా వేయించిన గింజలకు వేడి కాస్త ఎక్కువ కావాలి, ముదురుగా వేయించిన వాటికి తగ్గించాలి. షాట్, అంటే ఒక విడత కాఫీ తీయడం, మొత్తం పాతిక, ముప్పై సెకన్లలో అయిపోతుంది కాబట్టి మధ్యలో సరిదిద్దుకునే వీలుండదు.

ఇళ్లలో వాడే మెషీన్లలో 1991లో వచ్చిన గాజియా క్లాసిక్ బాగా పేరున్నది. ఆ పాత మోడల్ బాయిలర్ అల్యూమినియంది, పట్టేది సుమారు 100 మిల్లీలీటర్లు. వేడిని చూసుకునేది ఇస్త్రీ పెట్టెలో ఉండేలాంటి థర్మోస్టాటే: రెండు లోహాలు అతికించిన చిన్న బిళ్ళ. వేడెక్కితే టిక్కుమని వంగి కరెంటు ఆపేస్తుంది, చల్లారితే మళ్ళీ కలుపుతుంది. చిక్కేమిటంటే, ఆగే వేడికీ మళ్ళీ కలిసే వేడికీ మధ్య చాలా డిగ్రీల దూరం ఉంటుంది. పైగా కరెంటు ఆగినా హీటర్‌లో మిగిలిన వేడి నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. షాట్ మొదలయ్యాక ఇంకో సమస్య. కప్పులో పడేదీ, పొడి పీల్చుకునేదీ కలిపితే సగం బాయిలర్ ఖాళీ అయినట్టే, ఆ చోటంతా ట్యాంకులోని చల్లటి నీళ్లతో నిండుతుంది.

అందుకే చాలామంది థర్మోస్టాట్ బదులు వేడిని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పరికరం, పీఐడీ కంట్రోలర్, బిగిస్తారు. ఇది కాఫీ కోసం పుట్టింది కాదు. దీని వెనక ఉన్న గణితాన్ని 1922లో నికొలాస్ మినోర్‌స్కీ అనే ఇంజనీరు ఓడల కోసం రాశాడు. చుక్కాని పట్టిన అనుభవజ్ఞుడు ఓడ ఎంత పక్కకు తిరిగిందో ఒక్కటే చూడడు. ఎంత వేగంగా తిరుగుతోంది, చాలాసేపటి నుంచి ఎటు లాగుతోంది అన్నవి కూడా లెక్కలో ఉంచుకుంటాడు. పీఐడీ చేసేదీ ఆ మూడు పనులే. ఇంకా ఎన్ని డిగ్రీలు తక్కువ? ఆ కొరత ఎంతసేపటిగా తీరడం లేదు? వేడి ఎంత వేగంగా ఎక్కుతోంది? వీటిని బట్టి, లక్ష్యం దగ్గరపడేకొద్దీ హీటర్‌ను ముందుగానే తగ్గిస్తూ వస్తుంది. బాయిలర్ ఊగిసలాట ఒకటి రెండు డిగ్రీలకు దిగుతుంది. ఇంటి మెషీన్‌కు ఇంతకన్నా విలువైన మార్పు లేదని నా నమ్మకం.

అయినా తెర మీద కనిపించే అంకె సెన్సర్ ఉన్న చోటి వేడే. పొడిని తాకే నీళ్లది కాదు. మధ్యలో గ్రూప్ హెడ్ (నీళ్లు బయటికి వచ్చే భాగం), పోర్టాఫిల్టర్ (దానికి తగిలించే, పొడి నింపిన పిడి గరిటె) ఉన్నాయి, రెండూ బరువైన ఇత్తడి ముద్దలు. ఇత్తడి వేడెక్కడానికి అంతే బరువున్న నీళ్లకు కావాల్సిన వేడిలో సుమారు పదకొండో వంతు చాలు. అంటే అర కిలో పోర్టాఫిల్టర్ 45 గ్రాముల నీళ్లతో సమానం. కప్పులో పడే డబుల్ షాటేమో 40 గ్రాములు! చల్లటి పోర్టాఫిల్టర్ తగిలిస్తే అది ఆ వేడినంతా ఒక్కసారే లాగేయకపోయినా, షాట్ చెడగొట్టేంత లాగుతుంది. 1961లో ఫాయెమా కంపెనీ తెచ్చిన ఈ61 మెషీన్ గ్రూప్ హెడ్ నాలుగు కిలోల దాకా తూగుతుంది. అందులో వేడి నీళ్లు నిరంతరం తిరుగుతూ ఆ లోహాన్ని వెచ్చగా ఉంచుతాయి. అది పూర్తిగా కాగడానికే అరగంట పడుతుంది. బాయిలర్ సిద్ధమని లైటు వెలగగానే షాట్ తీసేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

పీఐడీ లేనివాళ్లకూ దారుంది. పోర్టాఫిల్టర్ తగిలించే ఉంచి మెషీన్‌ను బాగా కాగనివ్వాలి. తర్వాత హీటర్ మళ్ళీ పనిలోకి దిగేదాకా కొన్ని నీళ్లు వదిలేయాలి. అది వేడిచేసి ఆగాక, అందులో మిగిలిన వేడి కూడా దిగిపోయి నీళ్లు చల్లబడటం మొదలయ్యేలా కొన్ని సెకన్లు లెక్కపెట్టి షాట్ తీయాలి. అలా చేస్తే ఊగిసలాట ఆగదు కానీ, ప్రతి షాటూ అందులో ఒకే చోట మొదలవుతుంది. కాఫీ పుల్లగా వస్తే ఆ సెకన్లు తగ్గించి, చేదుగా వస్తే పెంచి చూడొచ్చు.