చీకట్లో తాలింపు

చిన్నీ, బుజ్జీ,

మొన్న సింహాచలం గిరి ప్రదక్షిణ జనానికి హనుమంతవాక దగ్గర మన ఆటో ఆగిపోయినప్పుడు చిన్ని అడిగింది: "తాతయ్యా, డ్రైవర్ లేని కారైతే ఇప్పుడేం చేస్తుంది?" ఆ హారన్ల మోతలో చెప్పలేకపోయాను.

మా చిన్నప్పుడు కరెంటు పోతే మా నాయనమ్మ దీపం వెతికేది కాదు. చీకట్లోనే పోపులపెట్టె తీసి, ఆవాలేవో జీలకర్రేదో వేళ్లతో తడిమి, చారుకి తాలింపు పెట్టేసేది. బిందె ఎక్కడ, గడప ఎన్నడుగులు, ఇల్లంతా ఆవిడ తలలో ఉండేది. ఒకరోజు నేను పీట తెచ్చి గడప దగ్గర వదిలేశాను. తట్టుకుని పడింది. మోకాలు చిట్లి రక్తం కారుతుంటే, "తడుముకోవాల్సింది నేనేరా" అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది. తీసిన వస్తువు తీసినచోటే పెట్టమని మిమ్మల్ని అందుకే అంతలా చెబుతాను.

ఆ కారుదీ నాయనమ్మ పద్ధతే. అమెరికాలోని ఫీనిక్స్‌లో 2020 నుంచి వేమో అనే కంపెనీ టాక్సీలు డ్రైవర్ లేకుండా జనాన్ని తిప్పుతున్నాయి. తిరిగే వీధులన్నీ ముందే కొలిచి మ్యాపులో పెట్టుకుంటారు. తడమడానికి వేళ్లూ ఉన్నాయి: కెమెరాలు, రాడార్, వెలుగు విసిరి అది తిరిగొచ్చే సమయాన్నిబట్టి దూరం కొలిచే లైడార్. కానీ జోరువానలో ఆ వెలుగు కొంత చినుకులకే తగిలి వెనక్కొచ్చేస్తుంది. ఎదురెండకి కెమెరా కళ్లు చెదురుతాయి. ఫీనిక్స్ ఎడారి ఊరు, వాన తక్కువ. మన విశాఖ వాన మీకు తెలుసుగా!

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మర్నాడు తలుపు తీస్తే, ఏళ్ల తరబడి తిరిగిన మా వీధిని నేనే గుర్తుపట్టలేకపోయాను. చెట్లు, స్తంభాలు అడ్డంగా పడున్నాయి. నా తలలో మ్యాపు ఒక్క రోజులో పనికిరాకుండా పోయింది. అయినా పాల కోసం బయల్దేరాను. ముక్కూమొహం తెలియని ఒకాయన కొమ్మ ఎత్తిపట్టుకుని, ఇటు రమ్మని చెయ్యి ఊపాడు. ఆ చేతిని నమ్మి దాటాను.

పోలీసు సైగల్లాంటివి కొన్ని ఆ కార్లకీ నేర్పారు. కానీ మన రోడ్డు మీద సైగ చెయ్యని మనిషెవరు?

రేపు సాయంత్రం నాన్నతో మద్దిలపాలెం వెళ్లి ఫుట్‌పాత్ మీద పావుగంట నిలబడండి. బళ్లని వదిలేసి చేతులు మాత్రం చూడండి. దాటుతూ అరచెయ్యి చూపించే ముసలమ్మ, కాలు చాపి మలుపు చెప్పే బైకతను, తల ఊపి దారిచ్చే ఆటో అబ్బాయి. ఎన్ని రకాలు కనిపించాయో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య