కడగకండి, అంటించకండి: శిలాజాలపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో జియాలజీ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నాలుగు వానలు పడ్డాయంటే చాలు, నా వాట్సాప్‌కు రాళ్ల ఫొటోలు మొదలవుతాయి. ఆసిఫాబాద్ నుంచి, మంచిర్యాల నుంచి, భూపాలపల్లి నుంచి. అన్నింటి కింద ఒకటే ప్రశ్న: "సార్, ఇది డైనోసారేనా?" చాలావరకు కాదు. అప్పుడప్పుడు వచ్చే ఆ అసలైన ఒక్కటి పాడు కాకూడదనే ఇదంతా రాస్తున్నా.

అపోహ: వెతికే ఓపిక ఉంటే శిలాజాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఓపిక సరే, ముందు రాయి సరైనదై ఉండాలి. వరంగల్, హనుమకొండ చుట్టూ ఉన్న గుట్టలు, గుండ్లు గ్రానైట్. దాదాపు 250 కోట్ల ఏళ్ల కింద భూమి లోపల కరిగి ఉన్నది చల్లారి గట్టిపడిన రాయి. అందులో బొక్కలు, అంటే ఎముకలు, ఉండవు. పద్మాక్షి గుట్ట దగ్గర నున్నటి గుండ్రాయి కనిపిస్తే అది గుడ్డు కాదు, ఎండకూ వానకూ పొరలు ఊడిన బండ. అలాగే సున్నపురాయి పలకల మీద నల్లటి చెట్టుకొమ్మల్లాంటి బొమ్మలు చూసి మోసపోతుంటారు. అవి పగుళ్లలోకి దిగిన మాంగనీసు మరకలు.

నీళ్లు తెచ్చి పోసిన ఇసుక, మట్టి పొరలుగా పేరుకుని రాయైన చోట వెతకాలి. మనకు అది గోదావరి, ప్రాణహిత లోయ. సింగరేణి బొగ్గు పొరల మధ్య నల్లటి పలకల్లో గ్లోసోప్టెరిస్ అనే, ఇప్పుడు లేని పాతకాలపు చెట్టు ఆకులు ఈనెలతో సహా అచ్చుపడి ఉంటాయి. రామగుండం దగ్గర మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో స్టెగోడాన్ అనే పాతకాలపు ఏనుగు శిలాజాలు బయటపడ్డాయి.

అపోహ: శిలాజమంటే పెద్ద బొక్క.

ఈ నమ్మకానికి సగం కారణం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన 44 అడుగుల కోటసారస్. ప్రాణహిత లోయలో యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఆ రాకాసి బల్లికి 1988లో ఆ పేరు పెట్టింది శాస్త్రవేత్త పి. యాదగిరి. అది చూసి వచ్చినవాళ్లకు చిన్నవి ఆనవు. కానీ అది దొరికిన రాతి పొరల్లోనే (వాటిని కోట పొరలంటారు), పైకాసిగూడెం దగ్గర, జురాసిక్ కాలపు పాలిచ్చే జంతువుల పళ్లు దొరికాయి. బియ్యపు నూకంత ఉంటాయి. మట్టిని నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడ పట్టి, మిగిలిన నలుసులను మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటీ ఏరితేనే కనిపిస్తాయి. వాటిలో ఒకదాని పేరు పైకాసిగూడోడాన్ యాదగిరై. ఊరి పేరూ, మనిషి పేరూ రెండూ అందులోనే.

అదే లోయలో మాలేరి పొరలనే ఎర్రమట్టిలో ఇంకో రకం ఉంటుంది. విసనకర్రలా విచ్చుకున్న గట్టి ముక్క, మీద నాలుగైదు గట్లు. చాలామంది పగిలిన ఆల్చిప్ప అనుకుని పారేస్తారు. అది ఊపిరితిత్తుల చేప పన్ను, 20 కోట్ల ఏళ్లు దాటినది. ఆ పక్కనే మర తిప్పినట్టు చుట్టలు చుట్టుకున్న బొటనవేలంత రాయి ఉందనుకోండి, అది పేడ. నిజంగానే, రాయిగా మారిన పేడ. ఏ జంతువు ఏం తిన్నదో చెప్పే సాక్ష్యం అదే. ఎముక శిలాజం నాలుకకు అంటుకుంటుందని మావాళ్లు నాకి చూస్తుంటారు. పేడ సంగతి చదివాక ఆ పరీక్ష మీ ఇష్టం.

అపోహ: దొరకగానే ఇంటికి తెచ్చి, శుభ్రంగా కడిగి దాచాలి.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం దీనివల్లే. నేనూ చేశాను. చదువుకునే రోజుల్లో రెండు రోజులు ఎండలో తిరిగి యూరియా సంచి నిండా ఏరుకొచ్చా. ఏ ముక్క ఏ ఒర్రెలోదో రాసుకోలేదు, గుర్తుంటుంది లెమ్మనుకున్నా. నెల తిరిగేసరికి అన్నీ ఒకే తీరుగా కనిపించాయి. మా గురువు ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని "ఎక్కడిది?" అని అడగడం, నేను తల గోక్కోవడం. సర్వే నంబర్ లేని పాస్‌బుక్ ఏం చేసుకుంటావయ్యా అన్నారు. ఆ సంచి ఇప్పటికీ మంచం కిందే ఉంది.

కనుక ముందు ముట్టుకోకుండా ఫొటో తీయండి. పక్కన పది రూపాయల బిళ్లో, పెన్నో పెడితే సైజు తెలుస్తుంది. దగ్గరగా ఒకటి, చుట్టూ నేల, గట్టు కనిపించేలా ఇంకొకటి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. రాతి పొరలోంచి పొడుచుకుని ఉందా, వాన కొట్టుకొచ్చి పైన పడి ఉందా అన్నది రాసుకోండి. తవ్వొద్దు. నీళ్లలో కడిగితే మెత్తటి ఎముక పొడైపోతుంది. ఇక ఫెవిక్విక్ అయితే దండం పెడతా, వద్దు. మ్యూజియంవాళ్లు వాడే జిగురు మళ్లీ కరిగించి తీయగలిగేది. ఫెవిక్విక్‌ను వదిలించబోతే ఎముకే ఊడొస్తుంది.

అపోహ: డిగ్రీ లేనివాళ్లు చెబితే సైంటిస్టులు పట్టించుకోరు.

మాలేరి శిలాజాల గురించి మొదట్లో లోకానికి తెలియజెప్పినవాళ్లలో స్టీఫెన్ హిస్లాప్ ఒకరు. వృత్తిరీత్యా నాగ్‌పూర్‌లో మతబోధకుడు. ఇక్కడి ఊపిరితిత్తుల చేపకూ, మొసలి లాంటి పారాసుకస్‌కూ ఆయన పేరే పెట్టారు. అది 19వ శతాబ్దం ముచ్చట అంటారా? 2023లో మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలోని 92 డైనోసార్ గూళ్లు, 256 గుడ్ల మీద పరిశోధన పత్రం వచ్చింది. దాని రచయితల్లో అక్కడి ఒక స్కూల్ టీచర్ కూడా ఉన్నారు.

అయితే జవాబు ఆలస్యం కావచ్చు. ఒకసారి కాదు, మూడుసార్లు రాయాల్సి రావచ్చు. హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫీసుకైనా, దగ్గర్లోని జియాలజీ విభాగానికైనా ఫొటోలతో రాయండి.

అపోహ: అమ్మితే లక్షలు.

ఫోన్ చేసి రేటు అడిగేవాళ్లకు నేను జవాబివ్వను. కవ్వాల్, ప్రాణహిత, ఏటూరునాగారం అభయారణ్యాల్లో అయితే అనుమతి లేకుండా ఏరుకోవడమే కుదరదు.

కిందటేడు శ్రావణంలో రెబ్బెన వైపు నుంచి ఒక రైతు ఫొటో పంపాడు. బిళ్ల పక్కన పెట్టాడు, లొకేషన్ పెట్టాడు. కింద ఇలా రాశాడు: "మా బాపు చేను, తూర్పు గట్టు, వేపచెట్టుకు ఇరవై అడుగులు. కదపలేదు సార్." మేం వెళ్లేసరికి రెండు నెలలైంది, పత్తి నడుం దాకా పెరిగింది. ఆ చోట కట్టె పాతి ఎర్రగుడ్డ కట్టి ఉంచాడు. దాన్ని చూసుకుంటూ సాళ్ల మధ్య నడుచుకుంటూ పోయాం.